కువైట్ ప్రాడో, జపాన్ వేలం కారు, బెంగళూరు బేరం: మూడింటిలో ఏది కొనాలి?

ప్రశ్న: మాది తిరుపతి, హార్డ్‌వేర్ వ్యాపారం. పెద్ద కారు కొనాలని చాలా రోజులుగా చూస్తున్నాను. మా బావమరిది పన్నెండేళ్లుగా కువైట్‌లో ఉన్నాడు. 2019 మోడల్ ప్రాడో వాడుతున్నాడు. వచ్చే సంక్రాంతికి అక్కడ అన్నీ ముగించుకుని వచ్చేస్తున్నాడు. "ఇక్కడ అమ్మితే ఏమీ రాదు, ఓడలో వేసి పంపిస్తా, కస్టమ్స్ నువ్వు కట్టుకో బావా" అంటున్నాడు. చెన్నైలో ఒకాయనేమో జపాన్ వేలంలో కారు కొని, చెన్నై హార్బర్‌లో దించి, అన్నీ కలిపి 18 లక్షలకు చేతికిస్తానంటున్నాడు. 3 లక్షలు అడ్వాన్సు అడిగాడు. బెంగళూరులో ఇంకొకరి దగ్గర విదేశం నుంచి వచ్చిన ఎస్‌యూవీ ఉంది. అరుణాచల్ ప్రదేశ్ రిజిస్ట్రేషన్, 32 లక్షలు. "కస్టమ్స్ అంతా కట్టేసిన బండి" అంటున్నారు. ఏది తీసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు?
ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం:

మొదటి రెండూ వదిలేయండి. మూడోదానికి ఇప్పుడే రూపాయి కూడా ఇవ్వకండి. దాని కాగితాలు చూశాకే బేరం సంగతి. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

మీ బావమరిది కారు సంగతి త్వరగా తేలిపోతుంది. విదేశంలో వాడిన కారును మన దేశంలోకి తేవాలంటే విదేశీ వాణిజ్య విధానం కొన్ని షరతులు పెట్టింది. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపోయేలా పడాలి. దిగుమతి అయ్యాక ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంటుందని, ఆ ఐదేళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందని రాసివ్వాలి. కువైట్‌లో ట్రాఫిక్ కుడివైపు నడుస్తుంది, కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. 2019 బండికి మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. రెండు షరతుల దగ్గరా ఆగిపోయే కారు ఇది. స్టీరింగ్ మార్పించి తెద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. స్టీరింగ్ మార్చినా తయారైన ఏడాది మారదు.

శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకు కస్టమ్స్‌లో రాయితీ ఉంటుందని మీ బావమరిది విని ఉండొచ్చు. ఉంది, అయితే అది ఇంటి సామానుకే. కారుకు వర్తించదు. కాబట్టి కారును కువైట్‌లోనే అమ్ముకోమని చెప్పండి. బండి మీద అప్పుంటే ముందు తీర్చాలి, ట్రాఫిక్ జరిమానాలన్నీ కట్టాలి, డబ్బు బ్యాంకులో పడ్డాకే రిజిస్ట్రేషన్ కొన్నవాళ్ల పేరుకు మార్చాలి. విమానం ఎక్కేలోపు ఆ మార్పిడి పూర్తికావాలి. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. బండిని నమ్మకం మీద స్నేహితుడికి అప్పగించి వచ్చేస్తే, అతను చేసే ప్రతి ఉల్లంఘనా మీ బావమరిది పేరు మీదే నమోదవుతుందని వాళ్లూ చెబుతారు.

ఇక జపాన్ కారు. దేశంగా చూస్తే జపాన్ నుంచి తేవడానికి అడ్డేమీ లేదు. అక్కడా స్టీరింగ్ కుడివైపే, ట్రాఫిక్ ఎడమవైపే, మీటరు కిలోమీటర్లలోనే. ఇంగ్లండ్ కారుకు స్టీరింగ్ కుడివైపే ఉన్నా మీటరు మైళ్లలో ఉంటుంది, అక్కడ చిక్కు. అయితే చెన్నై బ్రోకరు మాట మొదట్లోనే తప్పింది. వాడిన కార్లను ముంబై రేవులోనే దించాలి. కొత్త కార్లకైతే చెన్నై కూడా పనికొస్తుంది, పాతవాటికి పనికిరాదు. మనకు చెన్నై దగ్గర, హార్బర్ పేరు చెబితే నమ్మకం కుదురుతుంది. అందుకే ఆ పేరు చెబుతారు. పది కిలోమీటర్లే తిరిగింది, కొత్తదే అని ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఏ దేశంలోనైనా ఒక్కసారి రిజిస్టర్ అయితే మన కస్టమ్స్ లెక్కలో అది వాడిన కారే.

డబ్బు లెక్క చూడండి. 2025 బడ్జెట్‌లో వాడిన కార్ల మీద ప్రాథమిక సుంకాన్ని 125 శాతం నుంచి 70కి తగ్గించారన్న వార్త చూసి చాలామంది ఆశపడ్డారు. ఆ తగ్గింపుతో పాటే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పేరుతో 67.5 శాతం వేశారు. రెండూ కలిపితే 137.5 శాతం. అంతకుముందు సర్‌చార్జితో కలిపి పడిందీ అంతే. దానిపైన ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద పడే జీఎస్టీ, ఉంది. పెద్ద కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. దాన్ని కారు విలువ మీద మాత్రమే కాదు, విలువకు సుంకం కలిపిన మొత్తం మీద వేస్తారు.

ఆ విలువ మీరు కొన్న ధర అనుకుంటే పొరపాటు. వేలంలో చవగ్గా దొరికిందని బిల్లు చూపినా, ఆ మోడల్ కొత్తగా ఉన్నప్పటి ధరను తీసుకుని తరుగుదల తీసేసి కస్టమ్స్ వాళ్లు తమ లెక్క తాము వేస్తారు. ప్రతి మూడు నెలలకూ మొదటి ఏడాది 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది 2.5 శాతం చొప్పున తగ్గిస్తారు. మూడేళ్లు నిండినా మొత్తం తగ్గేది 38 శాతమే. కొత్తగా 30 లక్షలున్న కారైతే మూడేళ్లకు విలువ 18.6 లక్షలు. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపి 20 లక్షలు అనుకుందాం. సుంకం, సెస్సు 27.5 లక్షలు. మొత్తం 47.5 లక్షలు. దాని మీద 40 శాతం ఐజీఎస్టీ 19 లక్షలు. రేవు గేటు దాటేసరికి 66.5 లక్షలు. అంటే విలువకు 3.325 రెట్లు. ఇంకా పరీక్షల ఖర్చు, ముంబై నుంచి లారీ కిరాయి, ఇక్కడ లైఫ్ టాక్స్ మిగిలే ఉన్నాయి.

ఇప్పుడు మీ బ్రోకరు చెప్పిన 18 లక్షలను వెనక్కి లెక్కేయండి. 3.325తో భాగిస్తే 5.41 లక్షలు వస్తుంది. జపాన్ వేలంలో కారు ధర, అక్కడి ఫీజులు, ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, అన్నీ 5.41 లక్షల్లో సరిపోవాలి. బ్రోకరుకు పైసా మిగలకుండా ఉంటేనే ఈ లెక్క. మీరు కోరుకుంటున్న పెద్ద ఎస్‌యూవీకి, అదీ మూడేళ్లలోపుదానికి, ఇది కుదిరే పని కాదు. కాబట్టి రెండే మార్గాలు మిగులుతాయి. అడ్వాన్సు తీసుకుని మాయం కావడం, లేదా విలువ తక్కువ చూపి మిగతా డబ్బు హవాలాలో పంపడం. రెండోదే మీకు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అక్కడ కారు మీ చేతికొస్తుంది, కేసూ మీ ఇంటికే వస్తుంది. 2025 మేలో హైదరాబాద్ డీలర్ ఒకరిని డీఆర్‌ఐ (సుంకం ఎగవేతలను పట్టుకునే కేంద్ర విభాగం) అరెస్టు చేసిన కేసులో ఆరోపణ సరిగ్గా ఇలాంటిదే. అమెరికా, జపాన్ కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తిప్పి, ఎడమ స్టీరింగ్‌ను కుడికి మార్పించి, నకిలీ కాగితాలతో విలువ తక్కువ చూపారని అధికారులు చెప్పారు.

ఇంత చెప్పాక కూడా ఏదో ఒక మోడల్ మీద మనసుపడి, ఖర్చుకు వెనకాడకుండా జపాన్ నుంచే తెప్పించుకుంటామనేవాళ్లు ఉంటారు. వాళ్లు ముందు ముంబైలో లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకరును కుదుర్చుకుని ఆ రోజు అమల్లో ఉన్న రేట్లతో లెక్క రాయించుకోవాలి. ఓడ ఎక్కకముందు అక్కడి పరీక్ష సర్టిఫికెట్ కావాలి. దిగాక పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో మళ్లీ పరీక్ష ఉంటుంది, మన మోటారు వాహన నిబంధనలకు బండి సరిపోవాలి. ఈలోగా కారు రేవులో ఉన్న ప్రతి రోజుకూ అద్దె పడుతుంది. తయారీ తేదీ దగ్గర చాలామంది దెబ్బతింటారు. జపాన్ కాగితాల్లో ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ నెల. మన నిబంధన చూసేది తయారైన నెల. రెండింటి మధ్య కొన్ని నెలల తేడా ఉండొచ్చు, ఆ తేడాలోనే మూడేళ్లు దాటిపోవచ్చు. ఛాసిస్ నంబరును బట్టి తయారీ నెల కనుక్కున్నాకే డబ్బు పంపాలి.

వేలం షీటు జపాన్ భాషలో ఉన్న అసలు కాపీనే అడగాలి. అమ్మేవాళ్లు టైపు చేసి ఇచ్చిన అనువాదం సరిపోదు. దాని మీద పైన ఒక మూల గ్రేడు ఉంటుంది. 4, 4.5 అంటే మంచి స్థితి. ఆర్ లేదా ఆర్ఏ అని ఉంటే ప్రమాదం జరిగి బాగుచేసిన బండి. కారు బొమ్మ మీద ఎక్కడెక్కడ ఏముందో అక్షరాలతో గుర్తు పెడతారు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే బాగుచేసిన చోటు, డబుల్ ఎక్స్ అంటే మార్చేసిన భాగం. కిలోమీటర్ల అంకె పక్కన ఏదైనా గుర్తుంటే దాని అర్థం తేలేదాకా ముందుకు వెళ్లొద్దు. డబ్బు మీ బ్యాంకు ద్వారా, ఇన్వాయిస్ మీదే వెళ్లాలి. బేరం కుదిరాక చివరి నిమిషంలో "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగకుండా పంపకండి. ఇలాంటి వ్యాపారాల్లో డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే. చిన్న విషయం ఇంకొకటి: జపాన్ కారు రేడియో మామూలుగా 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ వరకే పడుతుంది, మన ఎఫ్‌ఎం స్టేషన్లలో ఆపైన ఉన్నవి అందులో రావు.

ఇప్పుడు బెంగళూరు బండి. మీరు నిజంగా సమయం పెట్టాల్సింది దీని మీదే. "కస్టమ్స్ అంతా కట్టేశాం" అన్న మాటకు రుజువు ఒక్కటే, బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి చేసినప్పుడు కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం. ఆర్‌సీ చాలదు, ఇన్సూరెన్సు చాలదు, గతంలో రెండు చేతులు మారింది కదా అన్న ధైర్యమూ చాలదు. ఆ కాగితం మీద నంబరు, తేదీ, రేవు కోడు, దిగుమతి చేసినవాళ్ల పేరు, ఛాసిస్ నంబరు, లెక్కగట్టిన విలువ, కట్టిన సుంకం ఉంటాయి. కస్టమ్స్ వారి ఐసీగేట్ పోర్టల్‌లో రేవు, నంబరు, తేదీ కొట్టి అది నిజంగా ఉందో లేదో చూడొచ్చు. సుంకం కట్టిన చలానా కూడా అడగండి. వాడిన కారుగా దిగి ఉంటే రేవు ముంబై అయ్యుండాలి. ఇంకో రేవు పేరుంటే కారు కొత్తదిగా దిగిందా, ఎలా దిగిందో గట్టిగా అడగండి. తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీని, దేశంలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీని పక్కపక్కన పెట్టుకోండి. దిగుమతి ముందు, రిజిస్ట్రేషన్ తర్వాత రావాలి. తారుమారై ఉంటే కాగితం పుట్టించారని అర్థం.

అరుణాచల్ నంబరు ఉన్నంత మాత్రాన దొంగ బండి కాదు. పన్ను తక్కువని అక్కడ రిజిస్టర్ చేయించుకున్న సక్రమమైన కార్లు చాలానే ఉన్నాయి. కానీ ఈ రోజుల్లో ఆ నంబరు చూస్తే రెట్టింపు జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో సోదాలు చేశారు. భూటాన్ మీదుగా సుంకం లేకుండా వచ్చిన కార్లను సైన్యం, రాయబార కార్యాలయాల పేర్లతో నకిలీ కాగితాలు పుట్టించి, అరుణాచల్, హిమాచల్ వంటి చోట్ల రిజిస్టర్ చేయించారన్నది అక్కడి ఆరోపణ. మీ బండికి మొదటి యజమాని సైన్యం, రాయబార కార్యాలయం లేదా విదేశీ సంస్థ అని ఉంటే, సుంకం మినహాయింపుతో వచ్చిందేమో చూడాలి. అలా వచ్చినదాన్ని మామూలు మనిషికి అమ్మాలంటే కస్టమ్స్ అనుమతి, తర్వాత కట్టిన సుంకం రసీదు ఉండాలి. కార్నె అనే తాత్కాలిక దిగుమతి పత్రం మీద పర్యటన కోసం తాత్కాలికంగా తెచ్చిన కారైతే అసలు అమ్మకూడదు, తిరిగి దేశం దాటాల్సిందే. సుంకం ఎగ్గొట్టిన కారు ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గరే స్వాధీనం చేసుకుంటారు. మీకు తెలియక కొన్నారన్నది బండిని కాపాడదు. విడిపించుకోవాలంటే సుంకం, జరిమానా మీ మీద పడతాయి. అమ్మినవాడి మీద మీరు కోర్టుకు తిరగాలి.

కాగితాలు సరిపోయాక బండి దగ్గరికి వెళ్లండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట టార్చి వేసి చూడండి. గ్రైండర్ గీతలు, చుట్టూ కొత్త పెయింటు, ఒకదానికొకటి పొంతన లేని అంకెలు ఉంటే అక్కడే ఆపేయండి. జపాన్ కంపెనీ జపాన్ లోపలే అమ్మిన కారని చెబితే నంబరు పొట్టిగా ఉంటుంది, టీఆర్‌జే150 లాంటి మోడల్ కోడు, గీత, ఆపైన ఆరేడు అంకెలు. దాని బదులు 17 అక్షరాల నంబరు ఉంటే అది ఎగుమతి కోసం చేసిన బండి, గల్ఫ్‌కో మరోచోటికో వెళ్లి వచ్చి ఉంటుంది. అప్పుడు స్టీరింగ్ మార్చారేమో చూడాలి. దానికి సులువైన పరీక్ష ఉంది. చీకటి పడ్డాక ఒక గోడకు ఐదారు మీటర్ల దూరంలో కారు నిలిపి లో బీమ్ వేయండి. వెలుగు పై అంచు చాలా కార్లలో ఒకవైపు మెట్టులా పైకి లేస్తుంది. మన దేశానికి సరిపోయే లైట్లలో ఆ మెట్టు ఎడమవైపు ఉండాలి. కుడివైపు లేస్తుంటే ఆ లైట్లు ఎడమ స్టీరింగ్ కారువి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. వైపర్లు తుడిచే తీరూ చూడండి. డ్రైవరు ముందు మూల తుడవకుండా మిగిలి, పక్క సీటు ముందు శుభ్రంగా తుడుస్తుంటే అనుమానించాలి. బానెట్ ఎత్తి ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు మీద ఎడమవైపు మూసేసిన రంధ్రాలు, వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో చూడండి. ఇలా మార్చిన కార్లలో స్టీరింగ్ ర్యాకు, బ్రేకు లింకు, ఎయిర్‌బ్యాగు నమ్మదగినవి కావు. కుటుంబాన్ని ఎక్కించుకునే బండి కాబట్టి ఇక్కడ రాజీ పడకండి.

సీటు బెల్టులను చివరిదాకా లాగండి. అడుగున ఉండే లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది, అది కారు తయారీ తేదీకి కొంచెం ముందుగా ఉండాలి. నాలుగు బెల్టుల్లో ఒక్కటే కొత్తదైతే ఆ వైపు ప్రమాదం జరిగి ఉండొచ్చు. బెల్టు మీద నీటి మరక గీతలా కనిపిస్తే వరదలో మునిగిన బండి. స్కానరు ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి ఇంజను, గేరుబాక్సు, ఏబీఎస్ యూనిట్లలో నమోదైన కిలోమీటర్లను మీటరుతో పోల్చి చూడమనండి. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు అన్ని యూనిట్లనూ మార్చడం అరుదు. పెట్రోలు బండైతే మూత దగ్గరి స్టిక్కరు చూడండి. ఈ10 (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అనే ఉంటే ఇప్పుడు మన బంకుల్లో అమ్మే ఈ20 పెట్రోలుకు దాని రబ్బరు గొట్టాలు, సీళ్లు తయారుచేసి ఉండకపోవచ్చు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే బండిని తిరుపతి రప్పించి మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, నిండా మనుషులతో భాకరాపేట ఘాట్ ఎక్కించండి. టెంపరేచరు ముల్లు పైకి పోవడం, గేరు మారేటప్పుడు కుదుపు, ఏసీ చల్లదనం తగ్గడం, ఇవన్నీ బెంగళూరు చల్లటి సాయంత్రం చేసే టెస్ట్ డ్రైవులో బయటపడవు. ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు ఛాసిస్ నంబరిచ్చి, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, ముందు అద్దం తెప్పించగలరా అని ముందే అడగండి. పెద్ద భాగాల కన్నా అద్దం, లైట్లు దొరక్క ఆగిపోయిన కార్లే ఎక్కువ.

చివరగా బదిలీ. ఎన్‌వోసీ, అంటే ఫారం 28, బెంగళూరు ఆర్టీవో ఇచ్చేది కాదు. అరుణాచల్‌లో ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో అక్కడి నుంచే రావాలి. అది తెప్పించే బాధ్యత అమ్మేవాళ్లదేనని ఒప్పందంలో రాయించండి. అప్పు మీద ఉన్న బండైతే బ్యాంకు ఇచ్చే ఫారం 35 కూడా కావాలి. ఇన్నాళ్లూ కర్ణాటకలో తిరిగిన బండి కాబట్టి అక్కడి పన్ను కట్టారా, బకాయి నోటీసులున్నాయా అడగండి. దొంగతనం కేసుల్లో ఉందేమో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాహన ఎన్‌వోసీ సేవలో చూసుకోవచ్చు. తిరుపతి ఆర్టీవోలో కొత్త నంబరుకు ఫారం 27, యాజమాన్య మార్పుకు ఫారం 29, 30, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ పట్టుకెళ్లండి. మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. దాన్ని మీరు కొన్న 32 లక్షల మీద కాకుండా, సుంకాలతో కలిపి బండి అసలు ధరను, వయసును బట్టి వేస్తారు. ఆ అంకెను ముందే ఆర్టీవోలో కనుక్కుని బేరంలో కలుపుకోండి.

డబ్బు నగదుగా ఇవ్వొద్దు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం. టోకెన్‌గా 50 వేలు చెక్కు ఇచ్చి, కస్టమ్స్ పత్రాల్లో ఏది తేడా వచ్చినా మొత్తం తిరిగివ్వాలని స్టాంపు కాగితం మీద రాయించుకోండి. లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకరుతో బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించి సరే అనిపించుకున్నాక సగం, అరుణాచల్ ఎన్‌వోసీ ఆన్‌లైన్‌లో కనిపించాక మిగతాది, రెండూ ఆర్‌సీలో ఉన్న యజమాని ఖాతాకే ఆర్‌టీజీఎస్ చేయండి. మధ్యవర్తి ఖాతాకు వేయమంటే వేయకండి. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ పంపమని రేపే వాట్సాప్ పెట్టండి. వారంలో రాకపోతే ఆ బండి కోసం బెంగళూరు దాకా వెళ్లాల్సిన పని లేదు.